పాక్లిటాక్సెల్‌కు ముందు అన్ని ఇంజక్షన్లు ఎందుకు?

కీమో వార్డులో పాక్లిటాక్సెల్ అనే క్యాన్సర్ మందు ఎక్కించే రోజు తంతు వేరుగా ఉంటుంది. అసలు మందుకు అరగంట ముందే స్టెరాయిడ్, ఎవిల్ (ఎలర్జీ మందు), గ్యాస్ ఇంజక్షన్ వరసగా ఇస్తారు. పేషెంటుకు మత్తుగా కళ్లు మూతలు పడుతుంటాయి. అప్పుడు గాజు సీసా స్టాండుకెక్కుతుంది. చుక్కలు నెమ్మదిగా మొదలవుతాయి. మొదటి పది నిమిషాలూ నర్సు కళ్లన్నీ ఆ మంచం మీదే. ఈ జాగ్రత్త వెనక పెద్ద కథే ఉంది.

1962లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రపు అడవిలో పసిఫిక్ యూ చెట్టు బెరడు సేకరించారు. అందులోని ఈ మందును ఉత్తర కరోలినాలో శాస్త్రవేత్తలు మన్రో వాల్, మహారాష్ట్రలో పుట్టిన మన్సుఖ్ వాని వేరు చేసి, 1971లో దాని నిర్మాణాన్ని ప్రకటించారు. చిక్కల్లా అది నీళ్లలో కరగకపోవడమే. కరిగించడానికి ఆల్కహాలుతో పాటు క్రెమోఫోర్ అనే ద్రావకం వాడారు. అది ఆముదం నుంచే తయారవుతుంది. అవును, మన పాలమూరు చేలల్లో పండే ఆముదమే, రసాయనంతో మార్చిన రూపంలో.

1980లలో మనుషుల మీద పరీక్షలు మొదలయ్యాక కొందరికి ఊపిరాడలేదు, బీపీ పడిపోయింది, ఒళ్లంతా దద్దుర్లు. పరీక్షలు ఆగిపోతాయేమో అన్నంత దాకా వచ్చింది. 1990లో వచ్చిన ఒక నివేదిక అలాంటి 27 మంది కేసులు పరిశీలించింది. దాదాపు అందరికీ మొదటి లేదా రెండో డోసులోనే రియాక్షన్ వచ్చింది. మామూలు ఎలర్జీకి శరీరం ఆ పదార్థాన్ని ముందొకసారి చూసి ఉండాలి. ఇక్కడ తొలిసారికే వస్తోందంటే, మందుకన్నా ద్రావకం మీదే అనుమానం బలపడింది. ఎలర్జీ లక్షణాలు తెప్పించే హిస్టమిన్ అనే రసాయనాన్ని అది ఒంట్లో నేరుగా విడుదల చేయించగలదు.

అందుకే ముందు ఇంజక్షన్లు, 24 గంటల నెమ్మది డ్రిప్ అలవాటు చేశారు. 1992 డిసెంబరులో అమెరికాలో అండాశయ క్యాన్సర్‌కు ఈ మందు వాడే అనుమతి వచ్చింది. ముందు ఇంజక్షన్లు సరిగా ఇస్తే 3 గంటల్లో ఎక్కించినా ఫర్వాలేదని తర్వాత తేలింది. 2005లో క్రెమోఫోర్ లేకుండా ఆల్బుమిన్ అనే రక్తంలోని ప్రోటీన్‌తో కలిపిన రకం వచ్చింది గానీ ఖరీదు ఎక్కువ.

ఇప్పటికీ నన్ను బాధపెట్టేది ఒకటుంది. నడుం ఒక్కసారిగా పట్టేసినా, ముఖం వేడెక్కినా, ఛాతీ బిగుసుకున్నా "కీమో అంటే ఇంతేలే" అని చాలామంది పళ్లబిగువున ఓర్చుకుంటారు. ఆ నడుం నొప్పి కూడా రియాక్షన్ గుర్తే. వెంటనే నర్సును పిలిస్తే డ్రిప్ ఆపి, మందులిచ్చి, తగ్గాక చాలాసార్లు అదే రోజు ఇంకా నెమ్మదిగా మళ్లీ మొదలుపెడతారు.