ట్రాయ్ యుద్ధం: గోడల కన్నా మట్టి పలకలే ఎక్కువ చెప్పాయి

టర్కీ వాయవ్య మూలన, డార్డనెల్స్ జలసంధికి దగ్గరలో హిసార్లిక్ అనే దిబ్బ ఉంది. మన పల్లెల పక్కన కనిపించే పాటిదిబ్బల్లాగే ఇదీ ఊరి మీద ఊరు పేరుకుని పెరిగినదే. పచ్చి ఇటుకల ఇళ్లు కూలినప్పుడల్లా ఆ మట్టిని చదును చేసి, పైన కొత్త ఇళ్లు కట్టుకున్నారు. క్రీ.పూ. 3000 ప్రాంతంలో మొదలైన ఆ పని రోమన్ల కాలం దాకా సాగింది. తవ్వినవాళ్లు అడుగు నుంచి పైకి తొమ్మిది ప్రధాన పొరలను గుర్తించి వాటికి అంకెలు ఇచ్చారు. ప్రాచీన గ్రీకు కవి హోమర్ ‘ఇలియడ్’ కావ్యంలో పాడిన ట్రాయ్ ఇదేనా, గ్రీకులు ఇక్కడ నిజంగా యుద్ధం చేశారా అన్న తగవు నూట యాభై ఏళ్లుగా ఈ పొరల మధ్యే నడుస్తోంది.

ట్రాయ్‌ని కనిపెట్టినవాడు ఎవరంటే అందరూ హైన్రిక్ ష్లీమన్ పేరే చెబుతారు. నిజానికి ఆ దిబ్బ మీద మొదట గురి కుదిరింది ఆయనకు కాదు. అక్కడే స్థిరపడిన ఫ్రాంక్ కల్వర్ట్ అనే ఆంగ్లేయుడు దిబ్బలో కొంత భాగాన్ని సొంతానికి కొని, 1860ల్లోనే కొంత తవ్వి చూశాడు. డబ్బు చాలక ఆగిపోయాడు. 1868లో వచ్చిన ష్లీమన్‌కు తవ్వవలసిన చోటు చూపించింది ఆయనే. నీలిమందు వ్యాపారంలో బాగా గడించిన ష్లీమన్‌కు డబ్బుకు కొదవ లేదు, ఓపికే లేదు. హోమర్ నగరం అట్టడుగునే ఉంటుందని నమ్మి దిబ్బ నడుమ పెద్ద కందకం కొట్టించాడు. అడ్డొచ్చిన పైపొరల గోడలను పీకించి పారేశాడు.

1873లో బంగారం దొరికింది. 16,000కు పైగా చిన్న చిన్న బంగారు ముక్కలు గుచ్చిన తలపట్టీ, కమ్మలు, వెండి పాత్రలు చూసి, ట్రాయ్ రాజు ప్రయమ్ నిధి ఇదేనని లోకానికి చాటాడు. భార్య సోఫియా తన శాలువలో మూటగట్టి దాన్ని తరలించిందని కూడా రాశాడు. ఆ సమయంలో ఆమె ఏథెన్స్‌లో ఉంది! కట్టుకథ సంగతి అలా ఉంచితే, అసలు తప్పు కాలంలో జరిగింది. ఆ నిధి రెండో పొరది. యుద్ధం జరిగిందని గ్రీకులు చెప్పుకున్న కాలానికి వెయ్యేళ్లకు పైగా పాతది. ఆయన వెతుకుతున్న నగరపు అవశేషాల్లో కొన్ని కూలీల గంపల్లో బయటికి వెళ్లిపోయాయి. అయితే నేరమంతా ఆయనదే అనడం న్యాయం కాదు. దిబ్బ నడినెత్తిన అథీనా ఆలయం కట్టడానికి ఆ తర్వాతి కాలపు గ్రీకులు, రోమన్లు కూడా పైభాగాన్ని చెక్కి చదును చేశారు. ఆరో పొర కోట నడిభాగం అప్పుడే చాలావరకు పోయింది.

మిగిలింది అంచులే, కానీ అవి ఘనమైనవి. 1893, 1894లలో జర్మన్ పురావస్తు శాస్త్రవేత్త విల్హెల్మ్ డోర్ప్‌ఫెల్డ్ బయటపెట్టిన ఆరో పొర ప్రాకారం చెక్కిన సున్నపురాయితో, లోపలికి ఏటవాలుగా వంగి లేచిన గోడ. ఇలియడ్‌లో గ్రీకు వీరుడు పట్రోక్లస్ గోడ మూల మీదికి మూడుసార్లు ఎగబాకితే, అపోలో దేవుడు మూడుసార్లూ వెనక్కి నెట్టేస్తాడు. ఈ వాలుగోడ చూస్తే ఆ ఘట్టం గుర్తుకు రాక మానదు. యుద్ధంలో కూలింది ఈ నగరమేనని డోర్ప్‌ఫెల్డ్ తేల్చాడు. 1930ల్లో మళ్లీ తవ్విన అమెరికన్ శాస్త్రవేత్త కార్ల్ బ్లెగెన్ ఒప్పుకోలేదు. పునాదులు జరిగిన తీరు, గోడలు కూలిన తీరు చూస్తే క్రీ.పూ. 1300 ప్రాంతంలో దాన్ని కూల్చింది భూకంపమేనన్నాడు.

బ్లెగెన్ దృష్టి ఆ తర్వాతి నగరం మీద పడింది. దాన్ని ఏడు-ఎ అంటారు. అక్కడ ప్రాకారానికి లోపలివైపున చిన్న చిన్న ఇళ్లు ఇరుగ్గా కట్టి ఉన్నాయి. నేలలో పెద్ద పెద్ద కాగులు మూతి దాకా పాతిపెట్టి, పైన రాతిపలకలు మూశారు. అన్నీ కాలిన గుర్తులతో ఉన్నాయి. వీధుల్లో మనుషుల ఎముకలు, ఒక కంచు బాణపు ములికి దొరికాయి. చుట్టుపక్కల జనం కోటలో తలదాచుకున్నారని, ముట్టడికి భయపడి ధాన్యం దాచారని ఆయన వాదించాడు. కాగులను బట్టి ముట్టడిని ఊహించడం నాకు కొంచెం ఎక్కువే అనిపిస్తుంది. భూకంపంలో ఇళ్లు పోయినవాళ్లు ఇరుకిళ్లలో సర్దుకున్నా, గింజలు నేలలో దాచుకున్నా దృశ్యం ఇలాగే ఉంటుంది. ఊరు కాలిందన్నది మాత్రం కాదనలేం. 1988లో తవ్వకాలు మొదలుపెట్టిన జర్మన్ పురావస్తు శాస్త్రవేత్త మాన్‌ఫ్రెడ్ కోర్ఫ్‌మన్ బృందానికి క్రీ.పూ. 1180 ప్రాంతపు బూడిదలో కుప్పలుగా వడిసెల రాళ్లు దొరికాయి. ఊరు మంటల్లో పడిన రోజు దగ్గరలోనే పోరు జరిగిందనడానికి అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

కోర్ఫ్‌మన్ చేసిన పెద్ద పని మరొకటి. కోట రెండు హెక్టార్లకు మించదు. హోమర్ మహానగరం ఇంతేనా అన్నది పాత ఎగతాళి. ఆయన బృందం నేలలోని అయస్కాంత తేడాలను కొలిచి, కోటకు దక్షిణంగా చాలా దూరాన రాతిలో తొలిచిన కందకాన్ని పట్టుకుంది. రథాలను ఆపడానికి పనికొచ్చేది అది. దాన్ని బట్టి దిగువ పట్నంతో కలిపి ఊరి విస్తీర్ణం సుమారు 30 హెక్టార్లని ఆయన అంచనా. గోరంతను కొండంత చేశాడని ఫ్రాంక్ కోల్బ్ అనే చరిత్రకారుడు 2001లో విరుచుకుపడ్డాడు. జర్మనీ పత్రికల్లో ఆ తగవు చాలా కాలం నడిచింది.

ఇంత తవ్వినా, దాడి చేసింది ఎవరో గోడలు చెప్పలేదు. వడిసెల రాయి మీద దేశం పేరు ఉండదు కదా. ఆ సమాచారం వందల కిలోమీటర్ల దూరంలో, నేటి టర్కీలో చాలా భాగాన్ని అప్పట్లో ఏలిన హిట్టైట్ల రాజధాని హట్టూసాలో దొరికిన మట్టి పలకల నుంచి వచ్చింది. వాటిలో వాయవ్యాన ఉన్న విలూసా అనే చిన్న రాజ్యం ప్రస్తావన పదేపదే వస్తుంది. గ్రీకులు ట్రాయ్‌ని ఇలియోస్ అని కూడా పిలిచేవారు, అంతకు పూర్వం అది విలియోస్. సముద్రానికి అవతల అహ్హియవా అనే బలమైన రాజ్యం ఉందనీ ఆ పలకలు చెబుతాయి. హోమర్ గ్రీకులను అకాయన్లు అంటాడు; ఆ అకాయన్లు వీళ్లేనని 1924లో ఎమిల్ ఫోరర్ అనే పండితుడు అన్నప్పుడు చాలామంది నవ్వారు. ఇప్పుడు నవ్వేవాళ్లు తక్కువ.

క్రీ.పూ. 1280 ప్రాంతంలో హిట్టైట్ చక్రవర్తి మువతల్లి విలూసా రాజుతో ఒక సంధి చేసుకున్నాడు. ఆ రాజు పేరు అలక్సాందు. గ్రీకు రాణి హెలెన్‌ను తీసుకుపోయి యుద్ధానికి కారణమైన ట్రాయ్ రాకుమారుడు పారిస్‌కు హోమర్‌లో ఉన్న రెండో పేరు అలెగ్జాండ్రోస్. ఇద్దరూ ఒకరేనని కాదు, ఆ గడ్డ మీద అలాంటి పేరున్న రాజు ఉండేవాడని మాత్రం తెలుస్తుంది. సంధికి సాక్షులుగా పిలిచిన దేవతల్లో విలూసా భూగర్భ జలమార్గం కూడా ఉంది. హిసార్లిక్ దిగువన కోర్ఫ్‌మన్ బృందం శుభ్రం చేసిన సొరంగాల్లో నీరు ఇప్పటికీ ఊరుతుంది. గోడల మీద పేరుకున్న సున్నపు పెంకును పరీక్షిస్తే ఆ సొరంగాల తవ్వకం క్రీ.పూ. మూడో సహస్రాబ్దిలోనే మొదలైందని తేలింది. నాకు ఈ ఆధారం బంగారు తలపట్టీ కన్నా విలువైనది.

మరో పలక, సుమారు క్రీ.పూ. 1250 నాటిది, హిట్టైట్ రాజు అహ్హియవా రాజుకు రాసిన ఉత్తరం. ‘సోదరా’ అని సంబోధిస్తూనే, విలూసా విషయంలో మనకు పడలేదు, ఇప్పుడు రాజీపడ్డాం అంటాడు. ఆ పడకపోవడం కత్తులదా, మాటలదా అన్న దగ్గర పండితులకు ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. ఇంకొన్నాళ్లకు విలూసా రాజు వాల్ము గద్దె దిగిపోయాడని, అతణ్ణి మళ్లీ కూర్చోబెట్టాలని మరో ఉత్తరం.

అటు గ్రీసులో, పైలోస్ రాజభవనం తాలూకు పలకల్లో నేత పని చేసే ఆడవాళ్ల పట్టికలు ఉన్నాయి. ఇంతమంది ఆడవాళ్లు, ఇంతమంది పిల్లలు, ఇంత రేషను అని లెక్క. వాళ్లలో కొందరి ఊళ్లు మిలేటస్, నైడస్, లెమ్నోస్. అంటే ఏజియన్ సముద్రపు తూర్పు వైపు. వాళ్లు దాడుల్లో పట్టుబడినవాళ్లే అయ్యుంటారని చాలామంది అభిప్రాయం. ఇలియడ్‌లో ట్రాయ్ వీరుడు హెక్టర్ తన భార్యను తలచుకుని భయపడేది సరిగ్గా ఈ గతి గురించే.

పదేళ్ల మహాయుద్ధం ఒక్కటి జరిగిందని నేను నమ్మను. క్రీ.పూ. 1180 నాటికి పైలోస్ భవనమే కాలిపోయింది, గ్రీసులోని మైసీనే రాజ్యం కుంగిపోయింది. ఏడు-ఎ నగరాన్ని తగలబెట్టడానికి వెయ్యి ఓడలు పంపగల రాజు అప్పుడు గ్రీసులో లేడు. పలకల్లో కనిపించే పోరు అంతకు ముందు వందేళ్లది. అప్పుడు విలూసా కోసం రెండు పెద్ద రాజ్యాలు మాటిమాటికీ తలపడ్డాయి, సంధి చేసుకున్నాయి, మళ్లీ చెడాయి. తర్వాతి నాలుగైదు వందల ఏళ్లలో గాయకులు ఆ పోరులన్నిటినీ ఒకటిగా అల్లారు. ఆ పాటల్లో పాత కాలపు జ్ఞాపకాలు నిలిచాయి. ఇలియడ్ పదో కాండలో గ్రీకు వీరుడు ఒడిస్సియస్ పెట్టుకునే అడవిపంది కోరల శిరస్త్రాణం హోమర్ కాలానికి ఎవరూ వాడనిది. అయినా వరసల్లో కోరలు కుట్టిన తీరుతో సహా ఆయన వర్ణించాడు. అచ్చంగా అలాంటిదే 1960లో గ్రీసులోని డెంద్రాలో ఒక యోధుడి సమాధిలో, కంచు కవచం పక్కన దొరికింది.