ఎంసెట్ చుట్టూ అపోహలు: చీపురుపల్లి నుంచి ఒక లెక్కల మాస్టారు

ఇంజినీరింగ్, వ్యవసాయ, ఫార్మసీ కోర్సులకు రాష్ట్రం పెట్టే ప్రవేశ పరీక్ష పేరు ఈఏపీసెట్‌గా మారి ఏళ్లయినా చీపురుపల్లిలో ఎవరి నోట విన్నా ఇంకా ఎంసెట్టే. పేరుతో నాకు పేచీ లేదు. ఆ పరీక్ష చుట్టూ అల్లుకున్న మాటలతోనే పేచీ. ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పే నాకు ఏటా అవే ఎదురవుతాయి.

అపోహ: ర్యాంకు వస్తే చాలు, ఇంటర్ మార్కులు ఎవరు చూస్తారు?

మన ఆంధ్రప్రదేశ్‌లో ఆ ర్యాంకు లెక్కలోనే ఇంటర్ మార్కులున్నాయి: ప్రవేశ పరీక్షకు 75 శాతం, ఇంటర్ గ్రూపు సబ్జెక్టులకు (ఎంపీసీకైతే లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ) 25 శాతం. తెలంగాణలో ఈ వెయిటేజీ తీసేశారు. హైదరాబాదుకు పనికి వెళ్లిన తల్లిదండ్రులు అక్కడ విన్నదే ఫోనులో ఇక్కడి పిల్లలకు చెబుతారు, తికమక అక్కడే మొదలు. గ్రూపులో 90 శాతం తెచ్చుకున్న అమ్మాయికి ఆ పాతికలో 22.5 వస్తాయి, 70 శాతం అబ్బాయికి 17.5. ఆ ఐదూ పూడ్చుకోవాలంటే అబ్బాయి 160 మార్కుల పరీక్షలో సుమారు 11 మార్కులు అదనంగా తెచ్చుకోవాలి. నార్మలైజేషన్ (వేర్వేరు పూటల పేపర్ల కష్టాన్ని సరిచూసే లెక్క) వల్ల కాస్త అటూ ఇటూ అవుతుంది, అంతే. ర్యాంకులు కిక్కిరిసిన మధ్య వరుసలో 11 మార్కులు చిన్న సంగతి కాదు.

ఎన్‌ఐటీ (కేంద్ర ఇంజినీరింగ్ కాలేజీ) సీటుకు ఇంకో మెలిక. దానికి రాసే జాతీయ పరీక్ష జేఈఈ మెయిన్‌లో ర్యాంకు వచ్చినా ఇంటర్‌లో 75 శాతం (ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 65) ఉండాలి, లేదా బోర్డులో మొదటి 20 పర్సంటైల్‌లో (అంటే రాసినవారిలో పై 20 శాతం మందిలో) నిలవాలి.

అపోహ: తెలియని ప్రశ్న వదిలేయడమే తెలివి.

జేఈఈ మెయిన్‌లో, డాక్టర్ చదువుకు రాసే నీట్‌లో తప్పుకు ఒక మార్కు కోత. ఎంసెట్‌లో కోత లేదు. మా విద్యార్థి ఒకడు 32 ప్రశ్నలు ఖాళీగా వదిలి వచ్చి, “జాగ్రత్తగా రాశాను మాస్టారూ” అన్నాడు. ప్రశ్నకు నాలుగు జవాబులిస్తారు కాబట్టి కళ్లు మూసుకుని నొక్కినా సగటున ఎనిమిది తగిలేవి. ఆ రోజు కోపం వాడి మీద కాదు, నా మీదే వచ్చింది. తరగతిలో ఈ మాట ఒక్కసారే చెప్పి ఊరుకున్నాను.

అపోహ: తెలుగు మీడియం వాళ్లకు ఈ పరీక్షలెందుకు?

ఎంసెట్, నీట్, జేఈఈ మెయిన్ మూడింటికీ తెలుగు ప్రశ్నపత్రం ఉంది. దరఖాస్తులోనే ఎంచుకోవాలి. ఐఐటీలకు రాసే జేఈఈ అడ్వాన్స్‌డ్ మాత్రం ఇంగ్లీషు, హిందీల్లోనే.

అపోహ: గిరిజన విశ్వవిద్యాలయం గిరిజనులకే.

కాదు. 2019లో ఏర్పాటైన మన విజయనగరం కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయంలో అందరికీ ప్రవేశముంది. డిగ్రీకి సీయూఈటీ (కేంద్రీయ విశ్వవిద్యాలయాల ఉమ్మడి ప్రవేశ పరీక్ష) రాయాలి. దాని దరఖాస్తు గడువు తరచుగా ఇంటర్ ఫలితాల కంటే ముందే ముగుస్తుంది. ఎంసెట్ పోయాక నన్ను అడిగేవారికి ఏం చెప్పను?

అపోహ: సీట్లు కేటాయించే కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు (కోరుకునే కాలేజీల వరుస) నెట్ సెంటర్ వాళ్లే చూసుకుంటారు.

వాళ్లకు తెలిసింది కంప్యూటర్, మీ అమ్మాయి ఇష్టం కాదు. సీటు వచ్చేది ర్యాంకును బట్టి, మీరు పెట్టిన వరుసను బట్టి. కింద ఎన్ని కాలేజీలు చేర్చినా పైదానికి నష్టం లేదు, కాబట్టి పొదుపు చేయకండి. ఇంట్లో కాగితం మీద వరుస రాసుకుని వెళ్లండి.

కౌన్సెలింగ్‌లో ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. వలస వెళ్లొచ్చిన ఇళ్లలో దొరకనివి ఇవే. ఏడో తరగతి చెన్నైలో చదివి ఉంటే, సంక్రాంతికి ఊరికి వచ్చే అమ్మానాన్నలతో ఆ కాగితం అప్పుడే తెప్పించుకోండి.