గండభేరుండం గుడ్డు ఎంతుండాలి?

ఫాంటసీ కథలు రాసేవాళ్ళు, గేముల కోసం బొమ్మలేసేవాళ్ళు వింత పక్షికి రెక్కలు, గోళ్ళు, రెండు తలకాయలు అన్నీ శ్రద్ధగా గీస్తారు, తీరా గుడ్డు దగ్గరికొచ్చేసరికి కోడిగుడ్డునే ఇల్లంత చేసేసి పైన నాలుగు మచ్చలు పెట్టి వదిలేస్తారు. మన రెండు తలల గండభేరుండాన్నే తీసుకోండి, విజయనగర రాజు అచ్యుతదేవరాయల నాణేల మీద ఏనుగుల్ని పట్టుకుని ఉంటుందే, అదే. ఏనుగునే ఎత్తుకుపోయే పక్షంటే గుడ్డు గుడిసెంత ఉండొద్దా అనిపిస్తుంది. ఉండకూడదు. ఉంటే లోపల పిల్ల ఊపిరాడక చస్తుంది.

కోడిగుడ్డు పెంకు మందం మిల్లీమీటర్లో మూడో వంతు, అంతే. అందులోనే వేలకొద్దీ సన్నటి రంధ్రాలుంటాయి, వాటిలోంచే ఆక్సిజన్ లోపలికి పోతుంది, కార్బన్ డయాక్సైడూ నీటి ఆవిరీ బయటికొస్తాయి. పొదిగే 21 రోజుల్లో గుడ్డు బరువు సుమారు 12 శాతం తగ్గేది ఆ నీరు పోవడం వల్లే. ఇప్పుడు అదే షేపులో గుడ్డు పొడవు రెట్టింపు చేశారనుకోండి, లోపలి సరుకు ఎనిమిది రెట్లవుతుంది కానీ గాలి తీసుకునే పెంకు వైశాల్యం నాలుగు రెట్లే అవుతుంది, పైగా ఆ బరువు ఆపడానికి పెంకు మందం పెంచాలి, మందం పెరిగేకొద్దీ గాలి ఆడదు, పిల్ల పగలగొట్టుకుని రావడమూ కష్టమే. మడగాస్కర్‌లో అంతరించిపోయిన ఎలిఫెంట్ బర్డ్ గుడ్డు పొడవు 30 సెంటీమీటర్లు దాటి కూడా ఉండేది, పక్షి గుడ్లలో మనకి తెలిసిన పెద్దది అదే. మధ్యప్రదేశ్ ధార్ జిల్లాలో దొరికిన టైటనోసార్ అనే డైనోసార్ గుడ్లయితే 15, 17 సెంటీమీటర్లే, తల్లి చూస్తే కొన్ని టన్నులు! కాబట్టి గండభేరుండానికి గుమ్మడికాయంత గుడ్డు చాలు.

మరి పొదిగేదెలా? అంత తల్లి కూర్చుంటే ఆమ్లెట్టే. ఇక్కడ నికోబార్ మెగాపోడ్ పనికొస్తుంది. నికోబార్ దీవుల్లో ఉండే ఈ పక్షి ఇసుక, ఆకులు పోగేసి దిబ్బ కట్టి గుడ్లని అందులో పాతేస్తుంది, ఆకులు కుళ్ళుతుంటే పుట్టే వేడి పొదిగే పని చూసుకుంటుంది. దిబ్బ లోపల ఆక్సిజన్ తక్కువ కాబట్టి మెగాపోడ్ల గుడ్లకి ఆ సైజుకి ఉండాల్సిన దానికన్నా పెంకు పలచగా ఉంటుంది. కుళ్ళిన ఆకుల మధ్య గుడ్డుకి రంగెందుకు, మచ్చలు తీసేయండి.

అసలు చిక్కు రెండు తలలు. కోడిపిల్ల పొదగడం పూర్తవబోతుండగా గుడ్డు లావు వైపున్న గాలి అరలోకి ముక్కు దూర్చి మొదటి శ్వాస తీసుకుంటుంది, తర్వాత ముక్కు మీది చిన్న గట్టి మొనతో పెంకు పొడుస్తుంది. తల సరిగ్గా తిరగకపోతే చాలాసార్లు అక్కడే పోతుంది. రెండు సొనల గుడ్లలోంచి పిల్లలు బయటపడటం అరుదు కావడానికి ఒక కారణం ఈ ఇరుకే. రెండు ముక్కులు ఒకే అర కోసం కొట్టుకుంటే ఇంక చెప్పేదేముంది? మెగాపోడ్ పిల్లకి ఈ గొడవే లేదు, అది కాళ్ళతో తన్ని పెంకు పగలగొట్టుకుని బయటికొస్తుంది! గండభేరుండానికి ఇంతకన్నా కుదిరే పద్ధతి నాకైతే కనబడలేదు.

కాకపోతే ఒక సీన్ వదులుకోవాలి. మెగాపోడ్ పిల్ల దిబ్బ తవ్వుకుని తనే పైకొచ్చి తన తిండి తనే వెతుక్కుంటుంది, అమ్మానాన్నల్ని చూడదు కూడా. సొన ఎక్కువుండే గుడ్డు కాబట్టి అంత ఎదిగే పుడుతుంది. అంటే తల్లి ఏనుగుని పట్టుకొచ్చి గూట్లో రెండు నోళ్ళకీ తినిపించే బొమ్మ మీ కథలో ఉంటే, దాన్ని కొట్టేయండి.