ఎర్రనూనె డంప్లింగ్స్ గురించి పిల్లలకు ఉత్తరం

చిరంజీవులైన పిల్లలకు,

శుభాశీస్సులు. కారంగా ఉండే చైనా డంప్లింగ్స్‌ను, అంటే పలుచని పిండి పొరలో కూర పెట్టి మూసి ఉడికించే వంటకాన్ని, ఇంట్లో ఎలా చేసుకోవాలో రాయమని మీరు అడిగారు. చైనాలో డంప్లింగ్స్ ప్రాంతానికొక తీరుగా ఉంటాయి కనుక అన్నింటినీ కలగాపులగం చేయకుండా, నాకు చాలా ఇష్టమైన ఒక్క వంటకాన్నే ఎంచుకుని వివరంగా రాస్తున్నాను. అది నైరుతి చైనాలోని సిచువాన్ ప్రావిన్స్ రాజధాని చెంగ్డూ నగరానికి చెందిన ఝోంగ్ డంప్లింగ్స్. ఝోంగ్ అన్నది ఈ వంటకాన్ని మొదలుపెట్టిన అంగడి యజమాని ఇంటిపేరు. చింగ్ వంశపు పాలన చివరి రోజుల్లో, అంటే 19వ శతాబ్దం ముగుస్తున్న కాలంలో పుట్టిన ఈ వంటకం నేటికీ చెంగ్డూ చిరుతిళ్లలో మొదటి వరుసలో నిలుస్తోంది.

ముందుగా ఒక విషయం మనసులో పెట్టుకోండి. ఈ డంప్లింగ్‌లో కారం లోపలి కూరలో ఉండదు. ఉడికించి గిన్నెలో వేసిన తరువాత పైన పోసే ఎర్రనూనెలో, అంటే ఎండుమిరప కారంతో చేసిన నూనెలో ఉంటుంది. ఉత్తర చైనాలో క్యాబేజీ వంటి ఆకుకూరను మాంసంతో కలిపి కూరుతారు, తినేటప్పుడు వెనిగర్‌లో ముంచుకుంటారు. చెంగ్డూవారు కూరగాయ ఏదీ కలపకుండా మాంసాన్ని మాత్రమే, అది కూడా మెత్తగా, చప్పగా అనిపించేంత సాత్వికంగా కూరి, రుచి భారమంతా పైన పోసే నూనె మీద, తీపి సోయా సాస్ మీద, వెల్లుల్లి మీద మోపుతారు. లోపల కూడా కారం దట్టిస్తే ఇంకా బాగుంటుందని మనవాళ్లకు అనిపించడం సహజమే. అలా చేస్తే మాంసం రుచీ తెలియదు, నూనె పరిమళమూ తెలియదు.

అందుకే నేను అన్నింటికంటే ముందు నూనె గురించే రాస్తున్నాను. దానిని ఒక రోజు ముందుగానే చేసి పెట్టుకోవాలి.

మిరపకాయ చైనాకు గాని మనకు గాని పుట్టుకతో వచ్చినది కాదు. అమెరికా ఖండాల నుంచి సముద్రం దాటి వచ్చింది. చైనాలో దాని తొలి ప్రస్తావన హాంగ్‌ఝౌకు చెందిన గావ్ లియెన్ 1591లో వెలువరించిన గ్రంథంలో కనిపిస్తుంది, అదీ చూడముచ్చటైన మొక్కగానే తప్ప వంట దినుసుగా కాదు. అది సిచువాన్ వంటింటికి చేరడానికి ఇంకా చాలా కాలం పట్టింది. అయితే ఒకసారి చేరిన తరువాత అక్కడివారు దానిని మంట కోసం మాత్రమే వాడలేదు. పరిమళానికి ఒక రకం, రంగుకు ఒక రకం, ఘాటుకు ఒక రకం వేరువేరుగా ఎంచి కలపడం నేర్చుకున్నారు. ఎర్రనూనెకు వారు వాడే అర్‌జింగ్‌త్యావ్ అనే పొడవాటి మిరప, ఘాటు తక్కువగా, వాసన ఎక్కువగా ఉండే రకం. అది మన అంగళ్లలో దొరకదు. కనుక 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ చపాటా మిర్చిని మూడు పాళ్లు, గుంటూరు సన్నాలు ఒక పాలు తీసుకోండి. చపాటా చిక్కని ఎరుపును ఇస్తుంది, దానికి కారం తక్కువ. గుంటూరు కాయ ఆ లోటు తీరుస్తుంది. గుంటూరు కాయలతోనే మొత్తం చేస్తే రెండు స్పూన్ల నూనె కూడా పోసుకోలేరు, ఈ వంటకానికి మాత్రం నూనె ధారాళంగా పడాలి.

ఎండుమిరపకాయల తొడిమలు తీసి, సన్నని సెగ మీద ఒక స్పూను నూనెలో గలగలలాడేవరకు వేయించి, చల్లారాక కచ్చాపచ్చాగా దంచండి. మరీ మెత్తని పొడి అయితే త్వరగా మాడిపోతుంది. అలా దంచిన కారం 50 గ్రాములు, రెండు స్పూన్ల తెల్ల నువ్వులు వేడికి తట్టుకునే స్టీలు గిన్నెలో వేసి, ఒక స్పూను పచ్చి నూనెతో తడిపి ఉంచండి. వేరొక మూకుడులో 250 మిల్లీలీటర్ల నూనె పోసి, నాలుగు అల్లం ముక్కలు, రెండు ఉల్లికాడలు, ఒక అనాసపువ్వు, చిన్న దాల్చినచెక్క వేసి, ఉల్లికాడలు గోధుమరంగుకు తిరిగేదాకా సన్నని సెగ మీద కాచి, ఆ దినుసులన్నీ తీసేయండి. సిచువాన్‌లో రేప్‌సీడ్ నూనె వాడతారు. మనం వేరుశనగ నూనెతో చేసుకోవచ్చు. ఈ పని పక్కన పెద్దవాళ్లు నిలబడి ఉంటేనే చేయాలి. కాగిన నూనెను ఒక చోటి నుంచి మరొక చోటికి మీ అంతట మీరు మోయకండి.

ఇక్కడే వంటకం బాగు పడడమో చెడిపోవడమో తేలిపోతుంది. నూనె పొగలు కక్కుతుండగా పోస్తే కారం నల్లబడి చేదెక్కుతుంది. చల్లారిపోయాక పోస్తే పచ్చివాసన పోదు, రంగు దిగదు. పొయ్యి కట్టేసి, నూనె సుమారు 150 డిగ్రీల సెల్సియస్‌కు దిగేవరకు ఆగండి. థర్మామీటరు లేకపోతే చిటికెడు కారం వేసి చూడండి: అది సన్నని నురుగుతో తేలుతూ ఎర్రగానే ఉంటే నూనె సరైన వేడిలో ఉన్నట్టు. అప్పుడు మూడో వంతు నూనె పోసి కలిపి, నిమిషం ఆగి మరో వంతు, ఇంకో నిమిషం ఆగి మిగిలినది పోయాలి. మొదటి పోతకు కారం వేగి వాసన లేస్తుంది. తరువాతి పోతల్లో వేడి తగ్గుతూ ఉంటుంది కనుక మాడకుండా రంగు దిగుతుంది. మిరప ఎరుపు, దాని మంట రెండూ నీటిలో కంటే నూనెలోనే బాగా కరుగుతాయి. అయితే ఆ కరగడానికి సమయం కావాలి కనుక మూతపెట్టి రాత్రంతా ఉంచితే, మర్నాటికి నూనె మరింత ఎర్రబడి, ఘాటు సర్దుకుంటుంది. సీసాల్లో దొరికే షెజ్వాన్ సాస్‌ను దీనికి బదులుగా వాడవద్దని గట్టిగా చెబుతున్నాను. అందులోని పులుపు ఈ వంటకంలో లేదు, ఇందులోని పరిమళం ఆ సీసాలో లేదు.

తీపి సోయా సాస్‌కు 200 మిల్లీలీటర్ల లేత రంగు సోయా సాస్, 100 గ్రాముల బెల్లం, అరగ్లాసు నీళ్లు, ఒక అనాసపువ్వు వేసి, స్పూనుకు పట్టేంత చిక్కబడేవరకు సన్నని సెగ మీద మరిగిస్తే చాలు.

ఇక లోపలి కూర. చెంగ్డూలో పంది మాంసం వాడతారు. మీ ఇంట్లో తినకపోతే 300 గ్రాముల కోడి తొడ మాంసపు ఖీమా తీసుకోండి. రొమ్ము మాంసం పొడిబారుతుంది. సిచువాన్ మిరియాలు రెండు స్పూన్లు, దంచిన అల్లం, ఉల్లికాడలు ఒక గ్లాసు వేడినీటిలో నానబెట్టి, చల్లారాక వడకట్టండి. ఈ మిరియం మన నల్ల మిరియానికి బంధువు కాదు, నిమ్మ కుటుంబానికి చెందిన చెట్టు కాయ. నాలుక మీద అది కలిగించే జివ్వుమనే తిమ్మిరి సాన్‌షూల్ అనే పదార్థం వల్ల వస్తుంది. 2013లో లండన్ పరిశోధకులు ఆ తిమ్మిరిని కొలిచి, అది సెకనుకు సుమారు 50 కంపనాలతో సమానంగా తోస్తుందని చెప్పారు. నిమ్మజాతి తోటలకు తెగులు సోకుతుందనే భయంతో అమెరికా 1968 నుంచి 2005 వరకు దీని దిగుమతిని నిషేధించింది కూడా. ఇప్పుడు అక్కడా, మన పెద్ద నగరాల్లోనూ దొరుకుతోంది. కాయ లోపలి నల్ల గింజలు పంటికి ఇసుకలా తగులుతాయి, వాటిని ఏరేసి తొక్కనే వాడాలి.

ఖీమాలో ముప్పావు స్పూను ఉప్పు, అర స్పూను తెల్ల మిరియాల పొడి, ఒక గుడ్డు వేసి, వడకట్టిన నీళ్లు 100 మిల్లీలీటర్లు కొంచెం కొంచెంగా పోస్తూ ఒకే వైపుకు తిప్పుతూ కలపండి. ఉప్పు మాంసంలోని మాంసకృత్తులను బయటికి లాగి జిగురు పుట్టిస్తుంది, ఆ జిగురు పోసిన నీటిని పట్టి ఉంచుతుంది. ముందు పోసినది ఇంకిన తరువాతే మళ్లీ పోయాలి. ఖీమా గిన్నెకు అంటుకునేంత బంకగా అయ్యాక, చివర ఒక స్పూను నువ్వుల నూనె కలిపి అరగంట ఫ్రిజ్‌లో ఉంచండి. కొరికినప్పుడు లోపల రసం ఊరేది ఈ నీటి వల్లనే. శాకాహారులు గట్టి టోఫూను (సోయా పనీర్) చిదిపి, నానబెట్టి తరిగిన ఎండు పుట్టగొడుగులతో కలిపి కూరుకోవచ్చు. అప్పుడు నీళ్లు, గుడ్డు అవసరం లేదు.

పిండికి 250 గ్రాముల మైదాకు 125 మిల్లీలీటర్ల చల్లని నీళ్లు సరిపోతాయి. మొదట గరుకుగా కలిపి, తడిగుడ్డ కప్పి పావుగంట ఆగి, మళ్లీ నున్నగా పిసికి, ఇంకో అరగంట నాననివ్వండి. నీటిలో ఉడికించే డంప్లింగ్‌కు వేడినీళ్లతో కలపకూడదు. చల్లని నీటితో కలిపినప్పుడు పిండికి సాగే బలం నిలుస్తుంది, మరుగులో పొర చిరగదు. ఎనిమిది గ్రాముల చొప్పున ఉండలు చేసి, అరచేతి మధ్యలో ఇమిడేంత బిళ్లలుగా వత్తండి, నడుమ కొంచెం మందంగా, అంచులు పలుచగా ఉండాలి. ఎందుకంటే మూసేటప్పుడు అంచులు రెండు పొరలవుతాయి. మధ్యలో ఒక స్పూను కూర పెట్టి, మడిచి, గాలి మిగలకుండా అంచులు గట్టిగా నొక్కితే మన కజ్జికాయ ఆకారం వస్తుంది. ఝోంగ్ డంప్లింగ్‌కు కుచ్చిళ్లు అక్కరలేదు, కనుక మీ చేతులకు ఇది సులువే. ఈ కొలతకు సుమారు 45 వస్తాయి.

పెద్ద గిన్నెలో నీళ్లు తెర్లుతుండగా ఇరవై చొప్పున వేసి, అడుగంటకుండా గరిటె వీపుతో మెల్లగా నెట్టండి. మరుగు రాగానే అరగ్లాసు చల్లని నీళ్లు పోయండి. ఇలా మూడు సార్లు చేయాలి. చైనావారి ఈ పాత పద్ధతి వల్ల నీటి ఉధృతి తగ్గి పొర చిరగదు, లోపలి మాంసానికి ఉడకడానికి వ్యవధి దొరుకుతుంది. ఆరేడు నిమిషాల్లో పైకి ఉబ్బి తేలుతాయి. ఒకదానిని కోసి, లోపల గులాబీ రంగు లేదని చూసుకున్న తరువాతే మిగతావి తీయండి.

పది డంప్లింగ్స్‌ను నీరు ఓడ్చి గిన్నెలో వేసి, ఒకటిన్నర పెద్ద స్పూన్ల తీపి సోయా సాస్, రెండు పెద్ద స్పూన్ల ఎర్రనూనె అడుగున దిగిన కారంతో సహా, కొద్ది నీళ్లతో నూరిన వెల్లుల్లి ఒక చిన్న స్పూను పోసి, తినేవాళ్లు తామే కలుపుకునేలా వేడిగా ఇవ్వండి. చిన్నవాళ్లకు నూనె సగం చేసి, పైన తేరినది మాత్రమే పోస్తే సరిపోతుంది. ఉడికించని డంప్లింగ్స్ మిగిలితే మైదా చల్లిన పళ్లెంలో ఒకదానికొకటి తగలకుండా పేర్చి, ఫ్రీజర్‌లో గట్టిపడ్డాక సంచిలో వేసుకోండి, తినాలనుకున్నప్పుడు కరగనివ్వకుండా నేరుగా మరిగే నీళ్లలో వేసి, మరో రెండు నిమిషాలు ఎక్కువ ఉడికించండి. మిగిలిన ఎర్రనూనెను గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో ఉంచి, తడి లేని స్పూనుతోనే తీసుకోండి.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ