వేల్స్ పలకరాయి క్వారీల్లో వాలు ట్రామ్‌బాటలు: సరుకు బరువే ఇంజను

వాయువ్య వేల్స్‌లోని పలకరాయి క్వారీల ప్రాంతాన్ని 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడి కొండల మీద తిన్నగా కిందికి దిగే గట్లు చాలా కనిపిస్తాయి. వాటి తల దగ్గర కప్పు కూలిన రాతి గదులుంటాయి. ఆ గట్లు పట్టాల మీద వ్యాగన్లు దిగే వాలు ట్రామ్‌బాటలు, ఆ గదులు వ్యాగన్ల తాళ్లు చుట్టే డ్రమ్ముల ఇళ్లు.

మొదట్లో ఇంటి కప్పులకు వేసే ఈ రాయి గుర్రాల వీపుల మీద, బండ్లలో రేవుకు చేరేది. 1801లో పెన్రిన్ క్వారీ నుంచి పోర్ట్ పెన్రిన్ దాకా సుమారు 10 కిలోమీటర్ల ట్రామ్‌బాట వేశారు. పట్టాల మధ్య ఎడం 2 అడుగుల లోపే. చదునుగా ఉన్నచోట గుర్రాలు లాగేవి, నిటారు దిగుడు వచ్చిన చోట వాలుబాట పని చేసేది.

వాలుబాట పైన అడ్డంగా ఒక పెద్ద డ్రమ్ము, దాని మీద రెండు తాళ్లు. ఒకటి పైనుంచి, రెండోది కిందినుంచి చుట్టి ఉంటాయి కాబట్టి ఒకటి విప్పుకుంటుంటే మరొకటి చుట్టుకుంటుంది. రాయితో నిండిన వ్యాగన్లు ఒక పట్టాల జత మీద దిగుతూ, రెండో జత మీద ఖాళీవాటిని పైకి లాగుతాయి. బొగ్గు అక్కర్లేదు. మనిషి చేసేదల్లా బ్రేకు పట్టడం.

కష్టమంతా బయల్దేరేటప్పుడే. అప్పుడు తాడు పొడవంతా ఖాళీ వ్యాగన్ల వైపే వేలాడుతూ, దిగే బరువుకు ఎదురు లాగుతుంది. సగం దాటాక అదే తాడు బరువు దిగేవైపు చేరి వేగం పెంచుతుంది. అందుకే మంచి వాలుబాట పైన నిటారుగా, అడుగున చదునుగా ఉంటుంది. పై అంచు దగ్గర కాస్త ఎదురెక్కుడు కూడా పెట్టేవారు. ఆగి ఉన్న వ్యాగన్లు వాటంతటవే జారిపోకుండా అది ఆపుతుంది, మనుషులు తోస్తేనే అవి అంచు దాటుతాయి. పైకి బొగ్గో యంత్ర భాగాలో ఎక్కువ పంపితే బరువుల తేడా చాలక అన్నీ మధ్యలో ఆగిపోతాయి. బ్రేకు ఆలస్యంగా, ఒక్కసారిగా బిగిస్తే కొక్కేనికీ తాడుకీ కుదుపు తగులుతుంది. ఏది తెగినా వ్యాగన్లను ఆపేది లేదు. పట్టాల మధ్య రోలర్లు తిరగకుండా బిగుసుకుంటే తాడు ఒరుసుకుని అరిగిపోతుంది.

దిగుడు మరీ నిటారైన చోట వ్యాగన్ వాలితే సరుకు ఒలుకుతుంది. దినోర్విక్ క్వారీలో దీనికి వేరే ఉపాయం చేశారు. వాలు మీద నడిచే చట్రానికి పైభాగం మాత్రం చదునుగా ఉండేలా కట్టి, వ్యాగన్లను దానిపైకి ఎక్కించి దించేవారు.

రాయి కొండ మీద ఉన్నంతకాలమే ఈ లెక్క కుదిరింది. నాంట్‌లె లోయలో క్వారీలు గోతులయ్యాయి, బ్లేనై ఫెస్టినియోగ్‌లో తవ్వకం భూగర్భంలోకి దిగింది. సరుకును పైకి లాగాల్సి వచ్చాక ఆవిరి, తర్వాత విద్యుత్ యంత్రాలు తప్పలేదు. ఆపై లారీలొచ్చాయి. పెన్రిన్ రైలుబాట 1962లో, దినోర్విక్ క్వారీ 1969లో మూతపడ్డాయి.

లాన్‌బెరిస్ దగ్గర వివియన్ క్వారీలో ఒక వాలుబాటను మళ్లీ నడిచేలా బాగుచేశారు. మిగతా చోట్ల రాతి గదిని ఒక్కదాన్నే కాపాడితే చాలదు. ఎదురెక్కుడునూ వాలు వంపునూ కూడా చెరగకుండా ఉంచాలి, ఎందుకంటే ఇంజను లేని ఈ బాటలో యంత్రంలో సగం ఆ నేల వాలే.