బద్ధకం అనేస్తే సరిపోతుందా?

"మందులు పడ్డాక ఆ గొంతులు వినిపించడం తగ్గిందండీ. కానీ మంచం దిగడు. స్నానం చెయ్యరా అంటే రేపంటాడు." స్కిజోఫ్రెనియా (లేని గొంతులు వినిపించే మానసిక జబ్బు) ఉన్న కొడుకు గురించి తల్లులు ఇలాగే చెబుతుంటారు. చివర్లో మెల్లగా "ఒట్టి బద్ధకం" అని కలుపుతారు. నిజానికి ఏ పనీ మొదలుపెట్టలేకపోవడం కూడా ఈ జబ్బు లక్షణమే. పైగా మందులు భ్రమల మీద చూపినంత ప్రభావం దీని మీద చూపవు.

మరి కదిలించేదెలా? 1960లలో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో, అన్నా స్టేట్ హాస్పిటల్‌లో అయిలాన్, అజ్రిన్ అనే ఇద్దరు సైకాలజిస్టులు టోకెన్ల పద్ధతి పెట్టారు. ఏళ్ల తరబడి వార్డులోనే ఉండిపోయిన ఆడవాళ్లు ఏదైనా పని చేస్తే టోకెన్లు ఇచ్చేవారు. వాటితో సరుకులు కొనుక్కోవచ్చు, నచ్చిన గది తీసుకుని కాస్త చాటుగా ఉండొచ్చు, ఆవరణలో కాసేపు తిరిగి రావచ్చు. టోకెన్లు ఊరికే ఇచ్చి చూస్తే పనులు ఆగిపోయాయి. మళ్లీ పనికి ముడిపెడితే మొదలయ్యాయి.

ఫలితం కాదనలేం. కానీ నాకు మింగుడుపడనిది ఒకటుంది. బిస్కెట్ ప్యాకెట్‌ని బహుమతి అనొచ్చు. నలుగురి కళ్లు పడని కాస్త చాటుని కూడా బహుమతి అనొచ్చా? 1972లో, అలబామా ఆస్పత్రుల మీద నడిచిన వేరే కేసులో, జడ్జి ఫ్రాంక్ జాన్సన్ కనీస ప్రమాణాలు నిర్దేశించారు. మంచం, భోజనం, చాటు రోగి హక్కులు. ఆస్పత్రి పనులు బలవంతంగా చేయించకూడదు. మన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమూ రోగితో బలవంతంగా పని చేయించొద్దని, చేస్తే తగిన ప్రతిఫలం ఇవ్వాలని అంటోంది.

అసలు లోటు ఎక్కడుందో చూస్తే, ఇంట్లో "స్నానం చేస్తేనే టిఫిన్" అనడం ఎందుకు పనికిరాదో తెలుస్తుంది. 2007లో సైకాలజిస్టు ఆన్ క్రింగ్, ఆమె సహచరులు చేసిన పరిశోధనలో ఈ జబ్బు ఉన్నవాళ్లు మంచి తిండినో మంచి కబుర్లనో ఆ క్షణంలో మిగతావాళ్లలాగే ఆస్వాదించారు. తగ్గింది ముందస్తు ఆశ. వెళ్తే బాగుంటుందని మనసు ముందుగా చెప్పదు, అందుకే కాలు కదలదు. తర్వాతి పరిశోధనలన్నీ ఒకేలా రాలేదనుకోండి. డిప్రెషన్ వల్లో, మందు డోసు ఎక్కువై మత్తుగా ఉండటం వల్లో కూడా మనిషి ఇలాగే అయిపోవచ్చు. అది డాక్టర్ తేల్చాల్సిన సంగతి.

ఆకలి మీద పట్టు బిగిస్తే ఆ ఆశ పుట్టదు. టిఫిన్ ఎలాగూ పెట్టేసి, "టీ కొట్టుదాకా నడుద్దాం, నేనూ వస్తా" అనొచ్చు. తిరిగొచ్చాక "ఎలా ఉందిరా?" అని అడగొచ్చు. "బాగానే ఉంది" అంటే, మర్నాడు పొద్దున వాడు మళ్లీ దుప్పటి ముసుగేసినప్పుడు ఆ మాటే గుర్తుచెయ్యొచ్చు.