ర్యాక్ వేడెక్కితే ఏసీని తిట్టకండి

"సార్, ర్యాక్ ఇన్‌లెట్ అలారం కొడుతోంది. సెట్ పాయింట్ 18కి దించాం, స్టాండ్‌బై యూనిట్ కూడా ఆన్ చేశాం. అయినా పోవట్లేదు." డేటా సెంటర్ల నుంచి ఈ నెలలో ఇది మూడో ఫోన్. ర్యాక్ అంటే సర్వర్లు ఒకదాని మీద ఒకటి పేర్చిన బీరువా, ఇన్‌లెట్ అంటే సర్వర్ ముందు నుంచి గాలి పీల్చుకునే చోటు, సెట్ పాయింట్ అంటే ఏసీకి పెట్టే ఉష్ణోగ్రత. సైట్లు వేరు, మనుషులు వేరు, మాట మాత్రం అదే.

అందుకే డేటా సెంటర్ కూలింగ్ గురించిన మిగతా అపోహల సంగతి తర్వాత. ముందు దీని సంగతి తేలుద్దాం.

అపోహ: ర్యాక్ వేడిగా ఉందంటే గదికి కూలింగ్ చాలట్లేదు.

నేను చూసిన డేటా హాళ్లలో చాలావాటికి కూలింగ్ చాలడమేమిటి, మిగిలిపోతోంది. అది సర్వర్ ముఖం దాకా చేరట్లేదు, అంతే.

ఒకసారి రాత్రి రెండింటికి పిలిచారు. లోపల అడుగుపెడితే ఏసీ హోరు, చలికి చేతులు రుద్దుకోవాల్సిన పరిస్థితి. షిఫ్టులో ఉన్న కుర్రాడు జాకెట్ వేసుకుని మరీ చెమటలు కక్కుతున్నాడు. సర్వర్ ఆగిపోతే ఉద్యోగం ఊడుతుందని టెన్షన్. పాపం, అతని తప్పేమీ లేదు. ర్యాక్ పైన ఇన్‌లెట్ 33 డిగ్రీలు, అదే ర్యాక్ అడుగున 17. రెండు మీటర్ల ఎత్తులో 16 డిగ్రీల తేడా! కూలింగ్ చాలని గదిలో అడుగున 17 ఎక్కణ్ణుంచి వస్తుంది?

అంతకుముందు వారం ఆ ర్యాక్‌లోంచి పాత సర్వర్లు రెండు తీసేశారు. ఆ ఖాళీని అలాగే వదిలేశారు. అక్కడ అరచేయి పెడితే వెనక నుంచి వెచ్చటి గాలి తగిలింది. అంటే పై సర్వర్ తను వదిలిన వేడిగాలినే మళ్లీ పీల్చుకుంటోంది. ప్యాకింగ్ పెట్టె అట్ట ఒకటి కోసి, ఖాళీకి అడ్డంగా టేపుతో అంటించాం. పావుగంటలో 33 కాస్తా 25కి దిగింది. (అట్టముక్క పరీక్షకు మాత్రమే. కాలే వస్తువుని హాల్లో ఉంచకూడదు, తెల్లారగానే బ్లాంకింగ్ ప్యానెళ్లు, అంటే ర్యాక్‌లో ఖాళీని మూసే పలకలు, బిగించాం.)

లెక్క చూస్తే ఇందులో వింతేమీ లేదు. గాలి సర్వర్ ముందు నుంచి వెనక్కి వెళ్లేసరికి 11 డిగ్రీలు వేడెక్కేటట్టయితే, ఒక్కో కిలోవాట్‌కి సుమారు 160 సీఎఫ్ఎం (నిమిషానికి అన్ని ఘనపుటడుగుల గాలి) కావాలి. 5 కిలోవాట్ల ర్యాక్‌కి 800. ఏసీ ఫ్లోర్ కిందికి పంపిన చల్లగాలి ర్యాక్ ముందున్న చిల్లుల టైల్‌లోంచి పైకొస్తుంది. ఆ టైల్ 500 మాత్రమే ఇస్తోందనుకోండి. సర్వర్ ఫ్యాన్లు సర్దుకుపోవు. మిగతా 300 ర్యాక్ మీంచో, ఖాళీల్లోంచో, వరస చివర నుంచో లాక్కుంటాయి. అదంతా హాట్ ఐల్ గాలే, అంటే ర్యాకుల వెనక వేడిగాలి వదిలే నడవాది.

ఇప్పుడు సెట్ పాయింట్ 4 డిగ్రీలు దించితే, ఆ వేడి మూలలో మహా అయితే ఆ నాలుగే తగ్గుతాయి. అందుకోసం బాగున్న ర్యాకులన్నింటినీ వణికిస్తాం. పైగా ఏసీలో గాలిని చల్లబరిచే కాయిల్ మరీ చల్లబడి గాలిలో తేమ నీరై కారిపోతుంది. తేమ తగ్గిందని పక్క యూనిట్ హ్యుమిడిఫయర్ ఆవిరి వదులుతుంది. ఒకటి ఆరబెడుతుంటే ఇంకొకటి తడుపుతుంది, రెంటికీ కరెంటు మనదే. రిటర్న్ సెన్సర్‌తో (ఏసీకి తిరిగొచ్చే గాలిని కొలిచేది) నడిచే యూనిట్ అయితే మరో తమాషా. కేబుల్ కంతల్లోంచి కారిన చల్లగాలి సర్వర్‌ని తాకకుండానే ఏసీకి తిరిగొస్తుంది. గది చల్లగానే ఉందనుకుని యూనిట్ కూలింగ్ తగ్గించేస్తుంది. ర్యాక్ మాత్రం ఉడుకుతూనే ఉంటుంది.

కాబట్టి ముందు ఖాళీలకు ప్యానెళ్లు, ఫ్లోర్‌లో కేబుల్ కంతలకు బ్రష్ సీళ్లు వేయండి. హాట్ ఐల్‌లో ఎవరో పుణ్యాత్ములు పెట్టిన చిల్లుల టైల్స్ ఉంటే కోల్డ్ ఐల్‌లోకి, అంటే ర్యాకుల ముందు చల్లగాలి వచ్చే నడవాలోకి, మార్చండి. జేబులో ఒక టిష్యూ పేపర్ పెట్టుకుని ఒక్కో టైల్ మీద పట్టి చూడండి. ఏసీ యూనిట్‌కి మరీ దగ్గరున్న టైల్ మీద పేపర్ ఎగరకపోగా కిందికి అతుక్కోవచ్చు. అక్కడ ఫ్లోర్ కింద గాలి మరీ వేగంగా పరుగెడుతుంది కాబట్టి పీడనం తగ్గి, టైల్ గాలి ఇవ్వడం మాని లాక్కుంటుంది. నేను మొదటిసారి చూసినప్పుడు టైల్ తిరగేసి పెట్టారేమో అనుకున్నాను!

సెట్ పాయింట్ పెంచడం ఇవన్నీ అయ్యాకే. ఒక్కో డిగ్రీ పెంచుతూ పై ఇన్‌లెట్లు గమనించండి.

అపోహ: 27 డిగ్రీలంటే సర్వర్లు చచ్చిపోతాయి.

ఎవరు పుట్టించారో గానీ ఈ పుకారు చావదు. అమెరికాలోని ఏసీ ఇంజినీర్ల సంఘం ఆష్రే 2004లో 20–25 సిఫారసు చేసింది, 2008లో దాన్నే 18–27కి విస్తరించింది. ఇవి సర్వర్ ఇన్‌లెట్ దగ్గర కొలవాల్సిన అంకెలు. గోడ మీది థర్మామీటర్ చూసి భయపడకండి. అలాగని 27కి అతుక్కుని కూర్చోమనీ కాదు. ఇన్‌లెట్ పెరిగితే సర్వర్ ఫ్యాన్లు వేగం పెంచుతాయి, ఏసీ దగ్గర మిగిల్చింది అవి తినేస్తాయి. ఫ్యాన్ల కరెంటు ఐటీ లోడ్ కింద లెక్కకొస్తుంది కాబట్టి పీయూఈ (మొత్తం కరెంటుని ఐటీ కరెంటుతో భాగిస్తే వచ్చే అంకె, తక్కువైతే మేలు) మాత్రం అందంగా కనిపిస్తుంది. మొత్తం మీటర్ చూడండి.

మిగతావి గబగబా. హాట్ ఐల్ 38 ఉందని కంగారు పడి అక్కడ టైల్ పెట్టకండి, అది వేడిగా ఉండాల్సిన చోటే. ర్యాక్ ముందు పెడస్టల్ ఫ్యాన్ పెడితే వేడినీ చల్లనీ కలిపి కలగూరగంప చేసినట్టే. ఏసీ ఫ్యాన్లన్నీ ఫుల్ స్పీడులో ఉండాలన్న రూలేమీ లేదు. వేగం 80 శాతానికి తగ్గిస్తే ఫ్యాన్ వాడే కరెంటు దాదాపు సగమవుతుంది. కంటైన్‌మెంట్ (వేడిగాలీ చల్లగాలీ కలవకుండా ఐల్‌ని మూయడం) అంటే గాజు తలుపులే కానక్కర్లేదు, ప్లాస్టిక్ స్ట్రిప్ కర్టెన్లతోనూ మొదలుపెట్టొచ్చు. కాకపోతే స్మోక్ డిటెక్టర్లకూ స్ప్రింక్లర్లకూ అడ్డం రాకుండా ఫైర్ వాళ్లను అడిగి కట్టండి.

ఇంతకీ ఆ మూడో ఫోన్. సెట్ పాయింట్ మళ్లీ పైకి పెట్టమని చెప్పకుండా, ఆ ర్యాక్ ఫోటో ఒకటి పంపమన్నాను. మధ్యలో నాలుగు అరల ఖాళీ నోరు తెరుచుకుని ఉంది. ర్యాక్ అడుగున, కవరు కూడా విప్పని బ్లాంకింగ్ ప్యానెళ్ల కట్ట.